హైదరాబాద్ పాతబస్తీ ఒక్క శనివారంలో, నడిచి: ఏది ముందు, ఏది తర్వాత?

గోదారిగట్టు:

జనవరి నాలుగో శనివారం ఉదయం ఆరింటికి సికింద్రాబాద్‌లో రైలు దిగుతాం. అదే రాత్రి తొమ్మిదిన్నరకు ఎంజీబీఎస్‌లో రాజమండ్రి బస్సు. మధ్యలో ఉన్న టైమంతా పాతబస్తీకే. మేం నలుగురం: మేమిద్దరం, పదేళ్ళ పాప, అరవై నాలుగేళ్ళ మా అత్తగారు. ఆవిడ చదును నేల మీద ఒక అరగంట ఆగకుండా నడుస్తారు, మోకాళ్ళ వల్ల మెట్లు మాత్రం కష్టం. శుద్ధ శాకాహారి.

మా జాబితాలో చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నాయి. వీలైతే పురానీ హవేలీ కూడా. కారు మాట్లాడుకోవడం ఇష్టం లేదు, గల్లీలు నడిచే చూడాలని ఉంది. తెలిసినవాళ్ళు ఈ నాలుగు చెప్పండి: ఏ వరసలో వెళ్ళాలి, అన్నీ పడతాయా, సామాను ఎక్కడ పెట్టాలి, ఆవిడకు భోజనం ఎక్కడ.

నయాపుల్ నడక:

శనివారం పెట్టుకోవడం మంచిదైంది. శుక్రవారమైతే సాలార్‌జంగ్, చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడూ సెలవే. పైగా మక్కా మసీదు దగ్గర మధ్యాహ్నం నమాజుకు వచ్చే జనంతో ఆ చుట్టుపక్కల నడవడమే కష్టం. బయటి ఊళ్ళవాళ్ళు వేసుకునే ప్లాన్లు ఎక్కువగా చెడేది ఈ ఒక్క కారణంతోనే.

ఇక వరస. మ్యాపులో చూస్తే మూసీ దాటగానే ముందు సాలార్‌జంగ్ తగులుతుంది. అందుకని అందరూ పదింటికి అందులోకి వెళ్ళిపోతారు. బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. గచ్చు మీద నాలుగడుగులు వేసి ఆగడం, మళ్ళీ నాలుగడుగులు వేసి ఆగడం మామూలు నడకకంటే కాళ్ళను ఎక్కువ లాగేస్తుంది. ఆ కాళ్ళతో ఎండలో చార్మినార్ చేరితే అక్కడ టికెట్ల దగ్గర వరస, మెట్ల మీద తోపులాట. మీరు దీన్ని తిరగేయండి. పొద్దున్న ఆరుబయట తిరగండి, పదకొండున్నర నుంచి అయిదు దాకా కప్పు కింద ఉండండి, సాయంత్రం మళ్ళీ బయటికి రండి.

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర రెండు మెట్రో స్టేషన్లున్నాయి. ఈస్ట్ నీలం లైనుది. మీకు కావాల్సింది వెస్ట్, ఆకుపచ్చ లైను. అది ఎక్కితే మారే పని లేకుండా చివరి స్టేషన్ ఎంజీబీఎస్‌లోనే దింపుతుంది. పొరపాటున ఈస్ట్‌లో ఎక్కితే మధ్యలో దిగి లైను మారాలి, సామానుతో అది అనవసరమైన శ్రమ. ఇంకో మాట: కొన్ని రైళ్ళు ఇప్పుడు చర్లపల్లి దాకే వస్తున్నాయి. మీ టికెట్ మీద సికింద్రాబాద్ అనే ఉందా అని ఒకసారి చూసుకోండి, చర్లపల్లికి మెట్రో లేదు.

సామాను రైల్వే స్టేషన్లో పెట్టకండి. రాత్రి బస్సు ఎంజీబీఎస్ నుంచే కాబట్టి అక్కడి క్లోక్‌రూమ్‌లో పెడితే సాయంత్రం వెనక్కి పోయే పని తప్పుతుంది. బ్యాగులన్నిటికీ తాళం ఉండాలి, తాళం లేని సంచి అయితే తీసుకోరు. స్నానాలూ అవీ రైల్వే స్టేషన్లోనే కానిచ్చి రండి.

ఎనిమిదికి ఎంజీబీఎస్ నుంచి బయల్దేరారనుకుందాం. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపుల్ దాటి, మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్, చార్మినార్. మొత్తం రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క ఎత్తు కూడా ఎక్కే పని లేదు, మీ అత్తగారికి ఇబ్బంది ఉండదు. ఆటోలో నేరుగా చార్మినార్ దగ్గర దిగితే ఈ ఊరి అమరిక కళ్ళకు కట్టదు. నది నుంచి దక్షిణానికి తిన్నగా నడుస్తూ వస్తే దూరాన మినార్లు కనపడడం, కమాన్ల కింద నుంచి దాటడం, ఆ తర్వాత కట్టడం మొత్తంగా ఎదురవడం వరసగా జరుగుతాయి. 1591లో కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు దాన్ని నడిమధ్యన పెట్టి నాలుగు దిక్కులకూ వీధులు తీయించాడు. ఆ ఉత్తరం వీధిలోనే మీరు నడుస్తుంటారు.

మదీనా దాటగానే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా (మొహర్రం సంతాపం జరుపుకునే పాత కట్టడం) గేటు చూడండి, బోర్డు చిన్నది, గమనించకపోతే దాటిపోతారు. తలుపు తీసి ఉంటే పది నిమిషాలు చాలు. కుతుబ్‌షాహీల కాలపు రంగు పెంకుల పనితనం ఇంత దగ్గరగా ఈ బస్తీలో మరెక్కడా చూడలేరు. గోడ కింది భాగానికీ పై భాగానికీ తేడా గమనించండి: పైన అసలు పెంకులు, కింద రంగులతో వేసిన నకలు. 1908 వరదలో నీళ్ళు నిలిచినంత మేరా పెంకులు పాడైపోతే తర్వాత అలా దిద్దారు. పాపకు ఇది చూపించి చెప్పండి, వరద ఎంత ఎత్తు వచ్చిందో గోడే చెబుతుంది. చెప్పులు బయట విడవాలి. మొహర్రం రోజుల్లో ఇది పూర్తిగా ప్రార్థనాస్థలం, జనవరిలో మీకు ఆ ఇబ్బంది లేదు.

పత్తర్‌గట్టిలో ఆ టైముకు దుకాణాలు మూసే ఉంటాయి, అదే మంచిది. రాతి కమాన్ల వరండా సాంతం కనపడుతుంది. పదకొండు దాటాక వేలాడదీసిన బట్టల వెనక అది దాక్కుంటుంది. పొద్దున్నయితే ఎడమ చేతి వైపు, అంటే తూర్పు వరండాలో నడవండి, నీడ అటే పడుతుంది.

ఆ తర్వాత నాలుగు కమాన్లు, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. ఉత్తరాన ఉన్నది మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్. హౌజు దగ్గర నిలబడితే నాలుగూ కనిపిస్తాయి. కాకపోతే చుట్టూ బండ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి నడిరోడ్డు మీద నిలబడి ఫొటోలు వద్దు. టిఫిన్ ఇక్కడే చేయండి, గోవింద్ బండి దోసె ఈ చుట్టుపక్కలే. మధ్యాహ్నానికల్లా కట్టేస్తారు, కాబట్టి దానికి పొద్దున్నే సమయం. నిలబడి తినాలి, వెన్న ధారాళంగా వేస్తారు. అత్తగారికి వెన్న తగ్గించమని ముందే చెప్పండి.

తొమ్మిదిన్నరకు చార్మినార్ టికెట్ కౌంటర్ తెరిచేసరికి మీరు అక్కడ ఉండాలి. మినార్ పైకంటా వెళ్ళనివ్వరు, మొదటి అంతస్తు వరకే. మెట్లు ఎత్తుగా, ఇరుకుగా, గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ ఉండదు. అత్తగారిని ఎక్కించవద్దు. మీ ఇద్దరిలో ఒకరు పాపతో ఎక్కండి, ఇంకొకరు ఆవిడతో కింద ఉండండి, ఇరవై నిమిషాల పని. పాపను గోడ వైపు నడిపించండి, మెట్టు లోపలి అంచు సన్నగా ఉండి అడుగు జారుతుంది. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే జాగ్రత్త. రిపేర్ల వల్ల ఒక్కోసారి పైకి పంపడం ఆపేస్తారు. అలా జరిగితే బాధపడకండి, కింద నుంచి కమాన్ల లోపలి సున్నపు నగిషీ చూడండి, అసలు పనితనం అంతా అందులోనే ఉంది.

ఫొటోకు పొద్దున్న తూర్పు వైపు, సర్దార్ మహల్ రోడ్డు నుంచి. సాయంత్రం వెలుగు లాడ్ బజార్ వైపు నుంచి పడుతుంది.

పదింబావుకి మక్కా మసీదు, పదకొండుకు లాడ్ బజార్, పదకొండున్నర పావుతక్కువ పన్నెండు మధ్య చౌమహల్లా. రెండు దాకా అక్కడ. భోజనం చేసి ఆటోలో సాలార్‌జంగ్. అయిదింటికి వాళ్ళే మూసేస్తారు, మీరు తేల్చుకోవాల్సిన పని లేదు. పురానీ హవేలీ వదిలేయండి. అటువైపు దారుల్షిఫా రోడ్డంతా మెట్రో కోసం ఇళ్ళు, దుకాణాలు తీసేస్తున్నారు. రాళ్ళూ దుమ్మూ దాటుకుంటూ ఆవిడ నడవలేరు.

గోదారిగట్టు:

చాలా వివరంగా చెప్పారండీ, ధన్యవాదాలు. ఇంకో మూడు సందేహాలు. మక్కా మసీదులోకి ఆడవాళ్ళను రానిస్తారా? బాత్రూములు ఎక్కడ? లాడ్ బజార్లో అమ్మాయికీ, ఇంట్లో ఉన్న ఆడపడుచుకూ లక్క గాజులు తీసుకోవాలి. ఏది అసలో ఏది కాదో ఎలా తెలుస్తుంది?

లాడ్ గల్లీ:

గాజుల సంగతి నేను చెప్త. లాడ్ బజార్ పదకొండుకు ముందు పోతె సగం షట్టర్లు దించే ఉంటయి, అయిదు దాటినంక పోతె కాలు పెట్టెటందుకు జాగ ఉండది. పైన చెప్పిన టైము సరిగ్గ సరిపోతది.

అసలు ఎట్ల చేస్తరో తెలిస్తె అసలు నకలు మీకే తెలుస్తది. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తగ చేసి, కర్రకు పట్టిచ్చి, చేత్తోని దొర్లిచ్చి కడ్డీ లెక్క సాగదీస్తరు. కొలతకు కోసి గుండ్రంగ ఒంచి, రెండు కొసలు వేడితోని కలుపుతరు. లక్క ఇంక వెచ్చగ ఉన్నప్పుడే అద్దాల ముక్కలు, రాళ్ళు ఒక్కొక్కటి లోపలికి ఒత్తుతరు. అంటే రాయి లక్కల కూసోని ఉంటది, పైన అతికిచ్చి ఉండది. గాజును అడ్డంగ పట్టుకోని గోరుతోని రాయి అంచు తడమండి. గోరుకు రాయి చుట్టు లక్క గట్టు లెక్క తగలాలె. రాయి కింద మెరిసే జిగురు కనవడ్డదంటే అది రేకు మీదనో ప్లాస్టిక్ మీదనో అంటిచ్చిన మాల్. అది చెడ్డదని కాదు, రోజూ వేసుకునేటందుకు అగ్గువల వస్తది. కని లక్క గాజు ధర పెట్టొద్దు.

కొన్ని దుకాణాల్ల వెనకనే, లేకపోతె పక్క గల్లీల కుంపటి పెట్టుకోని చేస్తనే ఉంటరు. చూపియ్యమని మంచిగ అడిగితె చూపిస్తరు, పాపకు మస్తు నచ్చుతది. కుంపటి ఉన్న దుకాణంల ఇంకో లాభం ఉన్నది. గాజు జర బిగుతున్నా వదులున్నా వెచ్చజేసి అక్కడిక్కడ్నే సరిజేసి ఇస్తరు.

ఇంట్ల ఉన్నామెకు కొనాల్నంటే కొలత తెల్వాలె. రెండు-నాలుగు అంటే 2 ఇంచుల 4 పదహారో వంతులు, లోపలి అడ్డం రెండుంబావు ఇంచులు. రెండు-ఆరు అంటే దానికి ఇంకో ఇంచుల ఎనిమిదో వంతు ఎక్కువ. రెండు-ఎనిమిది అంటే రెండున్నర ఇంచులు. ఆమె రోజూ వేసుకునే గాజు ఒకటి వెంబడి తెచ్చుకోండి, నోటి లెక్క నమ్ముకోవద్దు. మట్టి గాజులు గుంజి వేసుకునేటోళ్ళకు లక్కల ఒక సైజు పెద్దది తీసుకోవాలె, ఎందుకంటే లక్క గాజు మందం ఉంటది, బిగుతుంటె మణికట్టుకు ఒత్తుకుంటది.

బేరం చెయ్యాలె, అది అక్కడి పద్ధతే. కని మొదటి దుకాణంల కొనద్దు. ఒకటే నమూనా నాలుగు చోట్ల అడిగితె ధర దానంతటదే తెలుస్తది. జోడీ ధర చెప్తున్నరా, సెట్టు ధర చెప్తున్నరా అని ముందే అడగండి, లొల్లి ఎక్కువ అక్కడ్నే అయితది. హైదరాబాద్ లక్క గాజులకు 2024ల జీఐ (ఊరి పేరు మీద సరుకుకు ఇచ్చే) గుర్తింపు వచ్చింది, ఆ మాట చెప్పి ఎక్కువ అడుగుతరు. గుర్తింపు పనితనానికి, దుకాణానికి కాదు, గోరుతోని చూసుడు మాత్రం మానకండి. ఇంటికి తీసుకపోయినంక ఎండల పెట్టిన కారుల వదిలిపెట్టొద్దు, వేడినీళ్ళు తగలనియ్యొద్దు, లక్క మెత్తవడి రాళ్ళు ఊడుతయి. బస్సుల బట్టల నడుమ పెట్టండి, ఇంజను పక్కన వద్దు.

ముత్యాలు కొనే ఆలోచన ఉంటె రోడ్డు మీద తట్టలల్ల కొనద్దు. రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగ రుద్దితె అసలుది జర గరుకుగ తగులుతది, గాజుది నున్నగ జారుతది. ఆటో ఆయన "చార్మినార్ బంద్ ఉన్నది, మంచి ముత్యాల దుకాణం చూపిస్త" అంటే కూసోకండి. బంద్ ఉన్నదో లేదో కౌంటర్ కాడ్నే తెలుసుకోండి.

గడియారం గది:

నయాపుల్ నడక గారు చెప్పిన వరస బాగుంది, ఒక్కచోట మాత్రం ఒప్పుకోలేను. మోకాళ్ళ నొప్పి ఉన్న ఆవిడతో చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండూ ఒకే రోజంటే కష్టం. రెంటికీ కలిపి లోపలి నడకే రెండు మూడు కిలోమీటర్లు అవుతుంది, బయట నడిచింది వేరే. ఒకటి పూర్తిగా చూసి ఇంకొకటి సగంలో ఆపేయడం నయం. ఏది సగమన్నది పాపను బట్టి తేల్చుకోండి.

చౌమహల్లాకు గంటన్నర చాలు. ముందు ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలు, దానిలో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లు, వెనక్కి వెళ్తే బగ్గీలు, పాత కార్లు. వాటిలో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ 1912 నాటిది, పిల్లలు అక్కడ ఎక్కువసేపు ఆగుతారు. ప్యాలెస్ ఎక్కువ భాగం చదునే. ఫౌంటెన్ చెరువు చుట్టూ కూర్చోడానికి చోటుంది, ఆవిడ అక్కడ అరగంట కాళ్ళు చాపుకుని కూర్చుంటే మిగతావాళ్ళు గదులన్నీ తిరిగి రావచ్చు. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టించిన ఈ కట్టడాలు అయిదో నిజాం అఫ్జల్ ఉద్‌దౌలా కాలంలో పూర్తయ్యాయి. అప్పటి ఆవరణ 45 ఎకరాలు, ఇప్పుడు మిగిలింది అందులో మూడో వంతు కూడా లేదు.

సాలార్‌జంగ్ వేరే సంగతి. 38 గ్యాలరీలు, మూడు భవనాలు. రెండున్నరకు లోపలికెళ్ళి అయిదుకు బయటికొచ్చేవాళ్ళు అన్నీ చూడాలనుకోవడమే పొరపాటు. అయిదో ఆరో ఎంచుకోండి. గేటు దగ్గర బ్యాగులు డిపాజిట్ చేయాలి. శనివారం ఆ వరసకే పావుగంట పోతుంది, కాబట్టి చేతి పర్సు తప్ప ఏమీ తేకండి. లోపల తినుబండారాలు కుదరవు. ఆవిడ కోసం చక్రాల కుర్చీ కావాలని గేటు దగ్గరే అడగండి, లోపలికి పోయాక వెనక్కి రావడం కష్టం.

మూడింటికి గడియారం ముందు ఉండాలి, అంటే పది నిమిషాల ముందే చేరి కూర్చోవాలి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. ఒక మూల కమ్మరివాడు సెకను సెకనుకూ సుత్తితో కొడుతుంటాడు, గంట కావస్తుండగా గడ్డపు మనిషి ఒకడు తలుపు తీసుకుని వచ్చి గంటలు కొట్టి లోపలికి పోతాడు. జనమంతా ఫోన్లు ఎత్తుతారు, పాప వెనక నిలబడితే ఏమీ కనపడదు, ముందు వరసలో కింద కూర్చోబెట్టండి. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కదా అని కొందరు ప్లానంతా మార్చుకుంటారు. మూడింటి మూడు దెబ్బలకు జనం తక్కువ, చూడడానికి అదే హాయి.

తర్వాత ముసుగు రెబెక్కా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది, హైదరాబాద్ దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. పాలరాతిలో ముసుగు వెనక ముఖం కనపడుతుంది. ఎదురుగా కాక కొంచెం పక్కనుంచి, వెలుగు ముఖం మీద వాలుగా పడేచోట నిలబడి చూడండి, ముసుగు పలచదనం అప్పుడే తెలుస్తుంది. ఒకే దుంగలో ఒకవైపు 'ఫౌస్ట్' నాటకంలోని సైతాను మెఫిస్టోఫిలిస్, మరోవైపు అందులోని అమ్మాయి మార్గరెటా ఉన్న కొయ్య శిల్పం ముందు అద్దం ఉంటుంది. ముందు పురుషుణ్ణి చూడనిచ్చి, ఆ తర్వాతే అద్దంలోకి చూడమని పాపకు చెప్పండి. ఆ మూడూ అయ్యాక జేడ్ గది, ఆయుధాలు. అక్కడితో ఆపేయండి.

భోజనం విషయం ఎవరూ తేల్చలేదు. ఖిల్వత్ చుట్టుపక్కల శుద్ధ శాకాహారం వెతుక్కోవాలి. మదీనా వైపు షాదాబ్ లాంటి హోటళ్ళలో శాకాహారం వండుతారు, కాని ఆవిడకు అక్కడ కూర్చోవడం ఇష్టం ఉండకపోవచ్చు. రెండు దార్లున్నాయి. చౌమహల్లా నుంచి ఆటోలో గుల్జార్ హౌజ్ దగ్గర ఘాన్సీ బజార్ వైపు వస్తే మార్వాడీ మిఠాయి దుకాణాల్లో పూరీ, కచోరీ దొరుకుతాయి. లేదా అదే ఆటోలో నది దాటి కోఠీ వెళ్ళి ఉడిపి హోటల్లో భోజనం చేసి సాలార్‌జంగ్‌కు రండి. అరగంట ఎక్కువవుతుంది, ఆవిడ మాత్రం పప్పన్నం తింటారు. నేనైతే రెండోదే చెబుతాను. అన్నం పడని రోజు సాయంత్రానికి ఓపిక ఉండదు. అలా చేస్తే మూడింటి గడియారం తప్పి నాలుగింటిది అందుతుంది, నష్టం లేదు.

బాత్రూములు: రైల్వే స్టేషన్, ఎంజీబీఎస్, చౌమహల్లా లోపల, సాలార్‌జంగ్ లోపల. చార్మినార్ చుట్టూ ఆడవాళ్ళకు నమ్ముకోదగ్గది లేదనే అనుకుని బయల్దేరండి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉన్న ఆ నాలుగు గంటలే గడ్డుకాలం. టీలు అప్పుడే తాగకండి.

నయాపుల్ నడక:

కోఠీ భోజనం మాట నాకు తట్టలేదు, అదే సరైనది. చౌమహల్లా నుంచి ఒంటిగంటకే బయటపడండి.

మక్కా మసీదు గురించి. ఆవరణలోకి అందరూ వెళ్ళవచ్చు, ఆడవాళ్ళూ వెళ్ళవచ్చు. నమాజు హాల్లోకి మాత్రం ఆడవాళ్ళను పంపరు, గుమ్మం దగ్గర నుంచి లోపలి కమాన్లు బాగానే కనపడతాయి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు, తల మీదికి ఒక చున్నీ. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. పదింబావుకి వెళ్ళమన్నది మధ్యాహ్నం నమాజుకు చాలా ముందే ముగించాలని. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన కట్టడాన్ని 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు, అంటే గోల్కొండను కూలదోసినవాడే దీన్ని ముగించాడు. లోపలికి వెళ్ళగానే ఎడమ చేతి వైపు, దక్షిణాన వరసగా నిజాముల సమాధులు. చెరువు పక్కన నల్లరాతి బల్ల మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ హైదరాబాద్ వస్తారని ఇక్కడివాళ్ళ మాట. అత్తగారికి కాసేపు కూర్చోడానికి అది మంచి చోటు. అంతా రాతి నేల. జనవరి పదింటికి పరవాలేదు, మార్చి తర్వాత మధ్యాహ్నమైతే ఉత్తకాళ్ళతో అడుగు వేయలేరు.

చెప్పుల గురించి అందుకే చెప్పాలి. లేసులున్న బూట్లు వద్దు. ఆషూర్‌ఖానా, మసీదు రెండు చోట్లా విప్పి తొడుక్కోవాలి, ఆవిడ ప్రతిసారీ వంగలేరు. వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు చాలు. పలచటి సాక్సులు ఒక జత సంచీలో ఉంచండి.

బయటికి రాగానే నిమ్రా. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. టీ మానమన్నారు కదా పైన, సగం కప్పు పంచుకోండి. బిస్కట్లు మాత్రం కట్టించుకోండి, బస్సులో పనికొస్తాయి.

మూసీ ఒడ్డు:

అయిదు తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదు. బస్సు తొమ్మిదిన్నరకు కదా, నాలుగు గంటలు చేతిలో ఉంటాయి. చీకటి పడ్డాక దీపాల వెలుగులో చార్మినార్ చూడడానికి వెనక్కి వెళ్ళమని చాలామంది చెబుతారు. శనివారం సాయంత్రం ఆ జనంలో పాపనూ ఆవిడనూ తీసుకెళ్ళడం మంచిది కాదు. అంతకంటే సాలార్‌జంగ్ నుంచి నయాపుల్ దాకా నెమ్మదిగా నడిచి, వంతెన మీద పడమటి ఫుట్‌పాత్ పట్టుకోండి. పొద్దున్న అదే వంతెన దాటి ఉంటారు, కాని సాయంత్రం ఎండ ఎదురుగా పడుతుంది.

పడమటికి చూస్తూ నిలబడితే మీ ఎడమ చేతి వైపు హైకోర్టు, కుడి చేతి వైపు ఉస్మానియా ఆస్పత్రి. రెండూ విన్సెంట్ ఎష్ గీసిన కట్టడాలే, ఒకదానికొకటి ఎదురెదురుగా గుమ్మటాలు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఈ రెండు ఒడ్లూ తుడిచిపెట్టుకుపోయాక, ఊరిని మళ్ళీ తీర్చిదిద్దే పనిలో వచ్చినవి ఇవి. పొద్దున్న మీరు నడిచే పత్తర్‌గట్టి రాతి వరండా కూడా ఆ తర్వాతి రోజుల పనే. ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరద రోజు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సూచనతో పైన జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. పొద్దున్న ఆషూర్‌ఖానా గోడ మీద చూసిన గుర్తుకూ ఈ వంతెనకూ సంబంధం పాపకు ఇక్కడ చెప్పండి, రెండూ ఒకేరోజు చూస్తోంది కాబట్టి బాగా పట్టుబడుతుంది. మూసీ వాసన మాత్రం వస్తుంది, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకోండి. చీకటి పడేదాకా వంతెన మీద ఉండొద్దు, ఆరింటి తర్వాత అఫ్జల్‌గంజ్ రద్దీలో రోడ్డు దాటడం కష్టం.

ఓపిక మిగిలితే ఇంకొకటుంది. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ (ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్) నడుస్తుంటుంది, మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. ఎంజీబీఎస్ నుంచి ఎరుపు లైనులో మియాపూర్ వైపు రెండో స్టేషన్ గాంధీభవన్, అక్కడి నుంచి దగ్గర. ఆకుపచ్చ లైను ప్లాట్‌ఫారమ్ మీదికి వెళ్ళకండి, ఎంజీబీఎస్‌లో రెండు లైన్లకు వేర్వేరు అంతస్తులు. అయితే శనివారం నుమాయిష్ కిక్కిరిసి ఉంటుంది, మైదానం పెద్దది. అత్తగారిని ఒకరు ఎంజీబీఎస్ వెయిటింగ్ హాల్లో చూసుకుంటానంటేనే పెట్టుకోండి. ఏడున్నరకల్లా అక్కడి నుంచి బయటపడితే తిరుగు మెట్రో, రాత్రి భోజనం, క్లోక్‌రూమ్ అన్నీ కంగారు లేకుండా అవుతాయి. క్లోక్‌రూమ్ రసీదు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, అది పోతే సామాను చేతికి రావడానికి గంట పడుతుంది.

గోదారిగట్టు:

నుమాయిష్ వదిలేస్తున్నాం. వంతెన, కోఠీ భోజనం, మూడింటికి బదులు నాలుగింటి గడియారం ఖాయం. ఆడపడుచు గాజు ఒకటి సంచీలో పెట్టేశాను, రెండు-ఆరు అని తేలింది.

లాడ్ గల్లీ:

రెండు-ఆరు మట్టి గాజుదైతె లక్కల రెండు-ఎనిమిది అడగండి.